నా వైపు గుంతలు

మార్తక్కకు నీ చెల్లె వందనాలు.

ఎదురుపడితే నోరు పెగలదు, అందుకే రాస్తున్నాను. మన తోటికోడళ్ల ఇళ్ల మధ్య లేస్తున్న అపార్ట్‌మెంట్‌కు చుట్టూ చెట్లు పెట్టాలని రూలట. ఆ గుంతలన్నీ కూలికి నా కొడుకు డానియేలే తవ్వాడు. వాడు జ్వరంతో పోయాక నీ వైపే మొక్కలు నాటారు, నా వైపు గుంతలు కనబడకుండా రేకులు కొట్టారు. అడిగితే మేస్త్రీ, "రోడ్డు దిక్కు కనబడితే చాలమ్మా, నీ గల్లీలకు ఎవలొస్తరు?" అన్నాడు.

పొద్దున్నే నీ కొడుకు వాటికి నీళ్లు పోస్తుంటే నాకు కుళ్లుగా ఉందక్కా. నీకు కొడుకున్నాడు, నా కొడుకు తవ్విన చోట చెట్లూ నీకే.

సోమవారం చెట్లు పెట్టారో లేదో చూడడానికి ఆఫీసర్లు వస్తారట. నీది రోడ్డు మీది ఇల్లు, నీ మాట వింటారు. రేకులు తీయించి, నా వైపు ఖాళీ గుంతలు చూపించు. వాటిలో మట్టి పోసి పూడిస్తే చూడలేనక్కా, వాడి మీద పోస్తుంటే ఒకసారి చూశాను.