నాన్న గిన్నె ఊపితే నమ్మకు

మస్కట్

అమ్మా, నాన్నకు గండం గడిచింది. ముందు ఊపిరి పీల్చుకో.

మనం అనుకున్నట్టు పుండు కాదట. కడుపు గోడలోకే క్రిములు చేరి చీము పట్టించాయట, ఎక్కడో ఒకరికి వస్తుందట. మందులు నరానికి ఎక్కించారు, ఆపరేషన్ తప్పింది. కానీ నోట్లో చుక్క నీళ్లు కూడా పడనివ్వలేదు.

నిన్ననే డాక్టర్లు నీళ్లు తాగించమన్నారు. నువ్వు మూటలో పెట్టిన మన చిన్న కాఫీ గిన్నెలోనే పోశాను. ఒక్క గుక్క తాగాడో లేదో గిన్నె ఊగింది. మన ఇళ్లలో గిన్నె ఊపితే ఇక చాలనే కదా అర్థం, తీసి పక్కన పెట్టాను. మళ్లీ పోస్తే మళ్లీ అంతే. సాయంత్రం నర్సు సలామా ఆయన ఎండిన పెదవులు చూసి కేకలేసింది.

"బాబాయ్, దాహమైతే అడగొచ్చుగా?"

"నేను ఊపలేదమ్మా, నీరసానికి చెయ్యి వణికింది. పిల్ల మర్యాదగా తీసుకుపోయాక మళ్లీ పొయ్యమని ఎట్లా అడగను?" అన్నాడు నాన్న.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇప్పుడు మణికట్టు పట్టుకుని తాగిస్తున్నాను.

ఖర్జూరాలు, హల్వా పంపకు, ఇంకా జావే. ఆయన చేతికర్ర పంపు. మన వంతు కాలువ నీళ్లు తోటకు హమూద్ మామయ్య పెడుతున్నాడా? ఎర్రమేక ఈనిందా?

అల్లా నిన్ను చల్లగా చూడాలి. మేం వచ్చాక నాన్న గిన్నె ఊపినా ఆగకు. "చాలు" అని నోరు తెరిచి అనేదాకా పోస్తూనే ఉండు.

నీ జువైనా