మెట్ల గూట్లో కొవ్వొత్తి

అల్సాస్,
18 అక్టోబరు 1983, మంగళవారం

తమ్ముడు తిబోకు అక్క సలోమే ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, పీపాలూ క్షేమం. అక్కడ మీ ముగ్గురి మోకాళ్లూ క్షేమమని తలుస్తాను.

నీ కార్డు అందింది. మరదలు యోలాండ్‌ని, మేనకోడలు ఎల్సాని వెంటబెట్టుకుని ద్రాక్షతోటల దారిన సైకిళ్ల మీద సెలవులు గడుపుతున్నామనీ, గురువారం మన ఊరి మీదుగా వెళ్తామనీ రాశావు. ఇంటికి వస్తానో రానో ఇప్పుడే చెప్పలేనక్కా అన్నావు. నువ్వు ఈ గడప తొక్కి ఇరవై రెండేళ్లయింది కదరా. అందుకే ఈ ఉత్తరం రేపు మీరు దిగే సత్రానికే పంపుతున్నాను.

నాకు భయంగా ఉంది. కోత ముగిసింది, నేలమాళిగలో పీపాల నిండా ద్రాక్షరసం పులిసి పొంగుతోంది. ఆ పొంగులోంచి వచ్చే గాలి కంటికి కనిపించదు, పీల్చినవాడు మళ్లీ లేవడు. నిన్న ఒక డచ్చి సైకిల్ యాత్రికుడు వైన్ రుచి చూస్తానని వచ్చి, నేను కొవ్వొత్తి వెలిగించేలోపే టార్చి పట్టుకుని మెట్లు దిగాడు. ఈ కాలంలో కూడా ఇదేం చాదస్తం పెద్దమ్మా అని నవ్వాడు. వెనకే వెళ్లి అతని మోకాలి దగ్గర కొవ్వొత్తి పెట్టాను. మంట ఆరిపోయింది, ఆ గాలి అప్పటికే అంత ఎత్తుకి వచ్చేసింది. చొక్కా పట్టుకుని పైకి లాగేశాను.

ఎల్సాకి తొమ్మిదేళ్లు. ఆ వయసులో చెప్పిన మాట వింటారా? నేలమాళిగకు తాళం వేసి, చెవి మెడలో వేసుకున్నాను.

నాన్న పోయిన రోజే కళ్లముందు ఆడుతోంది. మెట్ల గూట్లో ఎప్పుడూ ఉండే కొవ్వొత్తి లేదు. ఒక్క నిమిషమేగా, ఊపిరి బిగబట్టి వచ్చేస్తాలే అని దిగాడు. తర్వాత నీ సైకిల్ దీపంలో కొవ్వొత్తి ముక్క దొరికింది. నువ్వే చంపావురా అని అమ్మ ఊరందరి ముందు నీ చెంప పగలగొట్టింది. అప్పటికి నీకు పదకొండేళ్లు.

గురువారం ఉల్లిపాయల రొట్టె చేస్తాను. నువ్వు సైకిల్ దిగకుండా వెళ్లిపోతావేమోనని ఒక భయం. దిగి నా ముఖంలోకి చూస్తావేమోనని అంతకంటే పెద్ద భయం.

ఇట్లు,
నీ అక్క సలోమే

తా.క.: నీ దీపంలోది అంతకుముందు వారం నువ్వు తీసిన ముక్క. ఆ రోజు పొద్దున గూట్లో కొత్త కొవ్వొత్తి ఉంది. దాన్ని తీసింది నేను. కోతల పండగలో, నేను మనసుపడ్డ అర్మాన్ నన్ను నాట్యానికి పిలవాలని మొక్కుకుని చర్చిలో వెలిగించాను. అమ్మ నిన్ను కొడుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఇది చదివాక కూడా వస్తే, ముందు నా చెంప పగలగొట్టు. తర్వాత కూర్చుని తిందాం.