గుంటలు పూడ్చొద్దని చెప్పు

భుజ్

అక్కకు నమస్కారాలు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారు షుగర్ పరీక్ష చేయించుకున్నారా, మళ్లీ వాయిదా వేశారా? నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను, బెంగపడకు.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. చేస్తే తమ్ముడు లాక్కుంటాడు, మళ్లీ పోట్లాట. అందుకే కొరియర్.

ఇక్కడ గాలి పొడి, నీళ్లు ఉప్పన, పూటపూటా రొట్టె. గోంగూర పచ్చడి అడుగంటింది, కొంచెం పంపు. పని మాత్రం మనసుకు నచ్చింది. మ్యూజియంలో పాతకాలపు జంతువుల ఎముకలకు అచ్చులు తీస్తున్నాను. ఊరి బయట ఎడారి కొండను తవ్వితే రాళ్లలో గవ్వలు! మనం బాపట్ల వెళ్లి సూర్యలంకలో ఏరుకున్నామే, అలాంటివే. ఒకప్పుడు ఇదంతా సముద్రమట. ఒకటి చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడిపోయానో.

మొన్న ఒక పెద్దమనిషి వచ్చి, ఇవన్నీ రాక్షసుల ఎముకలని పిల్లలకు చెబుతున్నాడు. ఊరుకుంటానా? "రాయి ఏం చెబుతోందో వినండి, మీకు తోచింది దానికి అంటించకండి" అని అరగంట దులిపేశాను. ప్రశ్నించడం నేర్పని చదువులు ఎందుకు, తగలెయ్యనా?

ఆ వారమే నేను చేసిన ఘనకార్యం విను. ఒక సముద్రపు జంతువు ఎముకకు అచ్చు తీశాను. దాని మీద వరసగా గుంటలు. గుంట కనిపిస్తే తెనాలిలో మన విగ్రహాల షెడ్డు నుంచి బొమ్మ గడప దాటదు కదా! ప్లాస్టర్‌తో పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, తళతళలాడించాను. మ్యూజియం మేడమ్ చూసి తల పట్టుకుంది. అవి ఇంకో జంతువు పంటిగాట్లట. ఆ ఎముకలో అసలు విశేషమే అవి.

ఇక్కడ మ్యూజియం బండి నడిపే మన రేపల్లె మస్తాన్ పక్కనే ఉన్నాడు. "ఏంటి మాస్టారూ, కోట్ల ఏళ్ల నాడు కరిచినోడి సాక్ష్యం చెరిపేశారా? పెద్ద లాయర్లు కూడా ఇంత పని చేయలేరండి!"

అసలు ఎముక భద్రంగానే ఉంది కాబట్టి బతికిపోయాను. ఇంకో అచ్చు తీశాను, గుంటలతో సహా.

ఇక అసలు సంగతి. నాన్న చేసిన మొదటి బొమ్మ, ఆ నాట్లు వేసే మనిషి, దానికి లప్పం పెట్టి బంగారు రంగు వేసి కొత్త షాపు ముందు నిలబెట్టమని తమ్ముడికి చెప్పింది నేనే. వాడు వద్దంటే వాడికి వ్యాపారం తెలియదని తిట్టాను. వాణ్ణి ఆపు అక్కా. ఇంకా మొదలుపెట్టి ఉండడనే నా ఆశ. అన్నయ్యదే తప్పని చెప్పు. ఈ మాట నా నుంచి వాడు ఎన్నడూ వినలేదు, నవ్వుతాడు. నవ్వనీ.

బావగారికి, పెద్దమ్మకు నా నమస్కారాలు. దేవుడితో నాకు పేచీ ఉందని నీ దీవెన మానకు.

నీ తమ్ముడు,
రామారావు

ఆ బొమ్మ వీపు మీద, ఎడమ భుజం కింద ఒక గుంట ఉంటుంది. అది నాన్న బొటనవేలు. నీ వేలు పెట్టి చూడు.