మామ కాఫీ సీసా

ఆదివారం రాత్రి, దిల్‌సుఖ్‌నగర్

మామ పోయి ఏడాది కాలేదని ఈ దసరాకు అత్తమ్మ పొయ్యి మీద మూకుడు పెట్టనియ్యలే. పాప ఎల్బీనగర్ల దోస్తు ఇంట్ల గారెలు తినొచ్చి, "మనింట్ల ఏం చెయ్యవా మమ్మీ?" అని అడిగింది. దాని మొఖం చూడలేకపోయిన. బిస్కెట్లు నూనెల వేసేటియి కాదు గదా అనుకున్న.

మైదా, చక్కెర, వెన్న కలిపిన. అల్మారల మూలకున్న సీసాల కాఫీ పొడి గడ్డ కట్టింది. జర వేడి నీళ్లల్ల కరిగించి మొత్తం పోసిన. కుక్కర్ అడుగున ఉప్పేసి, దాని మీద బిస్కెట్ల పళ్లెం పెట్టి, విజిల్ తీసేసి, చిన్న మంట మీద పెట్టిన.

ఇల్లంతా కాఫీ వాసన. మేమందరం చాయ్ తాగేటోళ్లమే, కాఫీ మామ ఒక్కడే తాగుతుండె. అత్తమ్మ గదిలకెళ్లి లేచొచ్చి గుమ్మంల నిలవడేదాకా గా సంగతి నాకు తట్టనే లేదు.

"కాఫీ ఎవలికి?"

"బిస్కెట్లల్ల వేసిన అత్తమ్మా. మూకుడు పెట్టలే."

ఒకటి చేతికిస్తే కొరికి, మంచిగున్నయన్నది. తిట్టినా బాగుండు.

ఇందాక పడుకోబోతూ మళ్లొచ్చింది. "బిడ్డా, గా సీసా కడగకు. ఒక్కోపారి మూత తీసి వాసన చూసుకుంటా."

సరే అత్తమ్మా అన్న. సీసాను అప్పటికే సబ్బు పెట్టి తోమి బోర్లిచ్చిన.