ఇరవై ఏడా, ఇరవై నాలుగా

ఫిబ్రవరి 16, సోమవారం

బావ మోటారు విప్పాను. నిన్న నారపల్లి గ్రౌండులో రేసు రెండో రౌండుకే పొగ వచ్చి ఆయన రిమోట్ కారు అక్కడే ఆగిపోయింది. ఈ మధ్య ఆయన చేతులు వణుకుతున్నాయి, అందుకే నాకిచ్చాడు. "ఎట్లుండెనో గట్లనే చుట్టు పద్మా. నీ తెలివి జూపియ్యకు." వచ్చే ఆదివారమే ఆఖరి రేసట. ఇక ఆడనని అక్క ఒట్టేయించుకుంది.

మాడిన వాసన. లోపల తిరిగే ఆర్మేచర్‌కి మూడు పళ్ళు. ఒక్కో పంటికి రాగి తీగ ఇరవై ఏడు చుట్లుండాలి. మొదటి పంటిది విప్పుతూ లెక్కపెట్టాను — ఇరవై నాలుగు! మధ్యలో కుక్కర్ కూసింది. లెక్క తప్పి ఉంటాను.

17, మంగళవారం

రెండో పన్ను. ఫోన్ ఆపేసి, తలుపేసుకుని, ఐదు చుట్లకొక గీత పెట్టుకుంటూ... ఇరవై నాలుగే.

మూడోదీ అంతే. ఫ్యాక్టరీలో రోజంతా కొలతలు చూసే దాన్ని, మూడుసార్లు తప్పు లెక్కపెడతానా?

18, బుధవారం

చుట్లు తగ్గితే వేగం ఎక్కువ. వేడీ ఎక్కువే, అందుకే కాలింది. "అందరికీ కంపెనీ చుట్టిన ఇరవై ఏడే, కాలితే తప్ప ఎవ్వరూ మోటారు డబ్బా విప్పొద్దు" — ఆ రూలు పెట్టిందే బావ. పోయినేడు మాతో రేసులాడే యాదగిరన్న ఇరవై ఐదు చుట్టాడని తెలిసి, అందరి ముందూ గ్రౌండు నుంచి పంపించేసిందీ ఆయనే. "దొంగాట ఆడెటోడు నా కండ్ల ముంగట ఉండొద్దు." యాదగిరన్న మళ్ళీ రాలేదు.

కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోను? ఒళ్ళు మండుతోంది. కాదు, ఏడుపొస్తోంది... ఏమో. ఎనిమిదేళ్ళుగా ప్రతిసారీ బావకే ఓడాను, అదీ మూరెడు దూరంలో.

19, గురువారం

డ్యూటీ దిగి నాచారంలో అక్క వాళ్ళింటికి. అక్క ఉప్మా పెట్టింది. "మోటార్లు, మోటార్లు... మీ ఇద్దరికి ఇంకో లోకం లేదా?"

అడిగేశాను. "బావా, దీన్ని ఇంతకు ముందు ఎవరన్నా విప్పిండ్రా?"

"కంపెనీల చుట్టిందే. ఏంది, ఏమైంది?"

"ఏం లేదు."

బావ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా ఒలికింది. అక్క కొంగుతో తుడిచింది. ఇంకేం అడుగుతాను?

వచ్చేటప్పుడు మెట్ల దాకా వచ్చాడు. "నీ మోటార్ మంచిగున్నదా?" ఎప్పుడూ అడగనివాడు ఇప్పుడెందుకు అడిగినట్టు?

20, శుక్రవారం

నా మోటారూ బావ ఇచ్చిందే, నా మొదటి రేసుకి ముందు. ఎప్పుడూ విప్పలేదు. రూలు కదా.

విప్పనా? వద్దు. వద్దు.

21, శనివారం

విప్పాను. మూడు పళ్ళూ ఇరవై నాలుగే.

అంటే బావ నాతో దొంగాట ఆడలేదు. ఇద్దరిదీ ఒకేరకం మోటారు, నన్ను నిజంగానే ఓడించాడు. సంతోషించాలా? మరి మిగతావాళ్ళ మీద నేను గెలిచినవి? యాదగిరన్నని రెండుసార్లు ఓడించాను. ఆయన్ని పంపించేసిన రోజు బావ పక్కనే నిలబడి, అవునవునని తలూపాను. ఛీ.

నాకు మంచి మోటారు ఇవ్వాలనుకున్నాడు, అంతేనా? అంత ప్రేమ ఉన్నవాడు చెప్పి ఇవ్వచ్చు కదా! చెప్తే తీసుకునేదాన్నా... తీసుకునేదాన్నేమో.

22, ఆదివారం

పొద్దున ఏడు. రేసు సాయంత్రం నాలుగింటికి. రెండు ఆర్మేచర్లూ టేబుల్ మీద బోడిగా ఉన్నాయి.

ఇరవై ఏడు చుడితే ఆ వణికే చేతులతో బావ తన ఆఖరి రేసు ఓడిపోతాడు. నాకు తెలిసిపోయిందనీ తెలుస్తుంది. ఇరవై నాలుగు చుడితే ఇక దొంగాట నాదే, తెలియదనడానికి లేదు. ఎటూ పాలుపోక, ముందు ఆయనదే మొదలుపెట్టాను.

బావ ఫోన్. "అయ్యిందా పిల్లా?"

"చుడుతున్న బావా."

ఫోన్ స్పీకర్లో పెట్టి తీగ బిగించాను.

"పద్మా... ఎన్ని చుడుతున్నవ్?"

పద్నాలుగో చుట్టు మీద ఉన్నాను. ఇరవై నాలుక్కి ఇంకా పది, ఇరవై ఏడుకి పదమూడు. పదిహేనోది వేశాను.