కొండ గేటు తాళంచెవి

సత్యవేడు, మంగళవారం రాత్రి

ఫారెస్టు వాళ్లు కొండకు కంచె వేసి, మా యానాదులే దాన్ని కాపాడుకోవాలంటూ కమిటీ పెట్టి, గేటు తాళంచెవి నాకిచ్చినప్పుడు మురిసిపోయాను. ఈ రోజు మా అత్త అడవిగడ్డలు తవ్వుకోవాలి, గేటు తీయమని మా ఇంటికి వచ్చింది. తవ్వకూడదని వాళ్ల రూలు. నేను గేటు తీయలేదు.

"గడ్డ తీసినాక తీగ మొదలు మళ్లా మట్టిలో పూడ్చకుండా ఏపొద్దన్నా వచ్చినామా పాపా?" అంది.

అలా పూడ్చడం నాకు నేర్పింది ఆమే. గేటు తెరిస్తే కమిటీని మా చేతుల్లోంచి లాగేసుకుంటారు. తెరవకపోతే ఆ కమిటీ ఎవరి కోసం?

అత్త గొడవపడలేదు. తన గడ్డపారను తెరిచి ఉన్న నా ఇంటి తలుపుకు ఆనించి, "ఈడే ఉండనీ, ఇంక నాకెందుకు?" అని వెళ్లిపోయింది.

తలుపు మూయాలంటే ఆ గడ్డపారను పక్కకు జరపాలి. ఇంకా మూయలేదు.