మైథిలి కట్టిన వంపు తెర

మస్కట్, శుక్రవారం.

నా మసక కళ్ళ కోసం మనవరాలు మైథిలి కంప్యూటర్ ప్రొజెక్టర్‌కి వంపు తెర కట్టింది. ప్లాస్టిక్ పైపులు విల్లులా వంచి తెల్ల దుప్పటి బిగిస్తే అన్నీ ముడతలే. "కొలత లేదు, పాడు లేదు!" అని కసిరి, దుప్పటికి గంజి పెట్టి తడిమీదే కట్టమన్నాను. ఇక్కడి ఎండకి పావుగంటలో బిర్రుగా బిగిసింది.

తెరని లోపలికి తెచ్చి, ప్రొజెక్టర్‌కి కలిపిన కెమెరా కింద నా పచ్చళ్ళ నోట్సు పెట్టింది. తెర మీద జానెడేసి అక్షరాలు! పాత పేజీలన్నీ చదవగలిగాను. కానీ ఏడాదిగా రాసిన వరుసలన్నీ ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి.

"ఇలా రాస్తున్నానని చెప్పలేదేమే?"

"చెబితే రాయడం మానేస్తావని, నానమ్మా."

మానేసేదాన్నే. చల్లగా ఉండాలి ఆ పిల్ల. ఈ పేజీ తెర చూసుకుంటూ రాస్తున్నాను. ఒక్క వరుసా తప్పలేదు.